బూ కొట్టిన వారి తరఫున వకాల్తా

1995 ఆగస్టు 3న న్యూయార్క్‌లో సోర్స్ అనే హిప్ హాప్ సంగీత పత్రిక అవార్డుల సభలో ఇద్దరు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు స్టేజీ ఎక్కుతుంటే జనం బూ అని అరిచారు. ఆనాటి నుంచీ ఆ అరిచినవాళ్ళను తిట్టడం ఒక ఆచారమైపోయింది. కుర్రాళ్ళ వైపు మాట్లాడేవాళ్ళు కోకొల్లలు. అరిచినవాళ్ళకు మాత్రం ఒక్క ప్లీడరూ దొరకలేదు. అందుకే వారి వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను, అదీ ఫీజు లేకుండా.

ముందు కేసు వివరాలు. ఆ ఇద్దరూ జార్జియా రాష్ట్రం అట్లాంటా నుంచి వచ్చిన అవుట్‌కాస్ట్ ర్యాప్ జంట, ఆండ్రే బెంజమిన్, బిగ్ బోయ్ అనే ఆంట్వాన్ పాటన్. ఆ రాత్రి వాళ్ళకు దక్కింది కొత్త ర్యాప్ బృందానికిచ్చే అవార్డు. చేసిన నేరం న్యూయార్క్‌లో పుట్టకపోవడం. పోనీ కాలిఫోర్నియా వాళ్ళా అంటే అదీ కాదు. ఆ రోజుల్లో తూర్పు తీరానికీ పడమటి తీరానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. అదే సభలో పడమటి తీరపు డెత్ రో రికార్డు కంపెనీ అధిపతి షుగ్ నైట్ మైకు పట్టుకుని స్థానిక ప్రముఖుడు పఫ్ డాడీని ఎత్తిపొడిచాడు. మేమంటే మీకు ప్రేమ లేదా అని అదే తీరపు ర్యాపర్ స్నూప్ డాగ్ జనాన్నే నిలదీశాడు. రెండు తీరాలు కొట్టుకోవడానికే టైము చాలక సతమతమవుతుంటే మధ్యలో ఈ జార్జియా వాళ్ళు ఎక్కడి నుంచి ఊడిపడ్డారు? కనీసం కొట్లాటలో కూడా పేరు నమోదు చేసుకోలేదు!

ర్యాప్ పాటల సంగీతం హిప్ హాప్ పుట్టింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో. 1973 ఆగస్టు 11, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ, డీజే కూల్ హెర్క్ పార్టీ. డోర్ నంబరుతో సహా రికార్డు ఉంది. పట్టా ఇంత క్లియర్‌గా ఉన్న ఆస్తిలో ఎవరో వచ్చి సాగు చేసుకుంటామంటే ఊరుకుంటారా? అమెరికా దక్షిణాది వాళ్ళు అంతకుముందూ ప్రయత్నించకపోలేదు. హ్యూస్టన్ ర్యాప్ బృందం గెటో బాయ్స్ దేశమంతా మోగారు. మయామి బృందం టూ లైవ్ క్రూ మీద పేరడీ పాట గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళితే, 1994లో జడ్జీలందరూ ఏకగ్రీవంగా వాళ్ళ వైపే మొగ్గారు. అయితే ఏమిటట? సుప్రీంకోర్టు ఒప్పుకుంటే చాలా, బ్రూక్లిన్ ఒప్పుకోవద్దూ?

పైగా ఆ సాగదీసే యాస. యాస ఉన్నవాడికి కామెడీ వేషమో, విలన్ పక్కన నిలబడే వేషమో ఇవ్వాలని మన సినిమావాళ్ళకు దశాబ్దాలుగా తెలుసు. న్యూయార్క్ పెద్దలకు ఆ మాత్రం ఇంగితం ఉండదా?

ఇక ముద్దాయిల పూర్వచరిత్ర. ఇద్దరూ ఈస్ట్ పాయింట్‌లోని ట్రై సిటీస్ హైస్కూల్లో జతకలిశారు. అట్లాంటా ఎయిర్‌పోర్టుకు ఆ ఊరు కూతవేటు దూరం. ఎయిర్‌పోర్టులో దిగి నేరుగా ఆల్ఫారెటాకో కమ్మింగ్‌కో వెళ్ళిపోయే మన తెలుగువాళ్ళు అటువైపు తల తిప్పి కూడా ఉండరు. రికో వేడ్ అనే కుర్రాడు సౌందర్య సాధనాల షాపులో పనిచేస్తుంటే, వీళ్ళు ఆ షాపు బయటే పాట పెట్టి అతనికి ఆగకుండా ర్యాప్ వినిపించారు. ఆ సంగీతం ఎవరిదనుకున్నారు? ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ వాళ్ళది. అచ్చంగా న్యూయార్క్ సరుకు. ఆస్తి ఆక్రమణకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రికో వాళ్ళను తమ ఇంటికి తీసుకుపోయాడు. వాళ్ళమ్మ ఇల్లు అది. కింద సెల్లార్‌కి కుర్రాళ్ళు పెట్టుకున్న పేరు డంజన్. నేల గచ్చు కూడా కాదు, జార్జియా ఎర్రమట్టి. ఆ మట్టి మీదే మిషన్లు పెట్టి రికో మిత్రబృందం ఆర్గనైజ్డ్ నాయిజ్ సంగీతం కడుతుంటే, మిగతా కుర్రాళ్ళు మెట్ల మీద కూర్చుని నోటుబుక్కుల్లో రాసుకునేవారు. పైన ఉన్న ఆ తల్లి ఎలా భరించిందో, ఆవిడకు ఎవరూ అవార్డు ఇవ్వలేదు. పాత రికార్డుల ముక్కలు కత్తిరించి అతికించే శాస్త్రీయ పద్ధతి ఉండగా, వీళ్ళు మనుషుల్ని పిలిచి బేస్ గిటార్ వాయించుకున్నారు. ఇంత అనాగరికమా?

లాఫేస్ రికార్డు కంపెనీ పెద్ద ఎల్.ఎ. రీడ్ కూడా మొదట్లో వీళ్ళను చూసి కరగలేదు. చివరికి కంపెనీ క్రిస్మస్ ఆల్బంకి ఒక పాట చేసిపెట్టమన్నారు. లోకజ్ఞానం ఉన్నవాళ్ళయితే శాంతా తాత, మంచు అని నాలుగు ముక్కలు రాసి చెక్కు తీసుకునేవారు. వీళ్ళేమో మా పేటలో ఇళ్ళకు చిమ్నీలే లేవు, సాక్సులు ఎక్కడ వేలాడదీయమంటారు అన్న ధోరణిలో రాశారు. 1993 చివర్లో వచ్చిన ఆ ప్లేయర్స్ బాల్ పాట ర్యాప్ చార్టులో ఆరు వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. పండుగ వెళ్ళాక గంటల చప్పుడు తీసేసి 1994 ఏప్రిల్‌లో తమ మొదటి ఆల్బంలో పెట్టుకున్నారు. వీడియో తీసిపెట్టింది సాక్షాత్తూ పఫ్ డాడీ! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, న్యూయార్క్ ఏం పట్టగలదు?

సభనాటికి ఆ ఆల్బంకి పది లక్షల కాపీల ప్లాటినం ముద్ర పడిపోయింది. అంతమంది కొన్నాక కూడా బూ కొట్టాలంటే ఎంత గుండెధైర్యం ఉండాలి! నా కక్షిదారుల చిత్తశుద్ధికి ఇదే రుజువు. బిగ్ బోయ్ మీ ఊరొచ్చామని మర్యాదగానే మాట్లాడాడు. ఆండ్రే మాత్రం మనసులు మూసుకున్న జనంతో విసిగిపోయానని, డెమో టేపు పట్టుకొస్తే వినే నాథుడే లేడని, దక్షిణాది చెప్పాల్సింది చాలా ఉందని నాలుగు ముక్కలు అని దిగిపోయాడు.

ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టి ఉంటే? కుర్రాళ్ళు పొంగిపోయి, రెండో ఆల్బంలో న్యూయార్క్ వాళ్ళలా మాట్లాడటం నేర్చుకునేవారు. బూ వల్లే ఆ ప్రమాదం తప్పింది. ఎవరి మెప్పూ దొరకదని తేలాక 1996లో ఏటీలియన్స్ (అట్లాంటా ఏలియన్స్ అన్నమాట) ఆల్బంతో తమను గ్రహాంతరవాసులుగా ప్రకటించుకుని నచ్చినట్టు పాడుకున్నారు. అంటే దక్షిణాది ర్యాప్‌కి అసలు పెట్టుబడిదారు ఎవరు? ఇది నేను చెప్పాలా?

1998లో వచ్చిన అక్వెమినై చివర్లో ఆ సభ రికార్డింగే వినిపిస్తుంది, బూ అరుపులతో సహా. ఆ ఆల్బంకి అదే సోర్స్ పత్రిక అయిదుకు అయిదు మైకులూ (వాళ్ళ సమీక్షల్లో మార్కులు అవే) ఇచ్చింది. కాబట్టి నా కక్షిదారులు అయిదు మైకుల ఆల్బంలో గొంతు కలిపినవారు. గాత్ర సహకారం కింద పేర్లు వేయాలని, బాకీ రాయల్టీ చెల్లించాలని నోటీసు రాసి పెట్టాను. పంపడానికే కాస్త టెన్షన్‌గా ఉంది. ఒకరి సరుకు ఇంకొకరు వాడుకోవచ్చా అన్న కేసుల్లో అవతలి ప్లీడరు ముందుగా తీసేది ఆ 1994 తీర్పే. గెలిచింది చూస్తే మయామి వాళ్ళు.