కమీషన్ సున్నా అనంగనే ఉరుకుడేనా?

ఆన్‌లైన్ వేలంలో పాత నాణేలు, స్టాంపులు, పాత కాగితాలు అమ్మేటోళ్లు మన నల్లగొండ, పాలమూరు, వనపర్తి, గద్వాల దిక్కు బాగనే ఉన్నరు. వీళ్ల నడుమ ఎప్పుడూ ఒకటే పంచాయితీ: ఏ సైటు మంచిది? ఒక వర్గం ఎక్కడ కమీషన్ తక్కువంటే అక్కడికి మూటాముల్లె సర్దుకొని పోతది. ఇంకో వర్గం "ఇన్నేండ్ల సంది ఇందులనే ఉన్నం, ఎట్ల ఇడిచిపెడ్తం" అనుకుంట ఎంత ఫీజు పెంచినా కిమ్మనదు. నన్నడిగితే రెండూ తప్పే. మొదటోళ్లు లెక్క సగమే చేస్తున్నరు. రెండోళ్లు మొహమాటం అక్కరలేని చోట మొహమాటపడుతున్నరు.

ముందు లెక్క చూద్దాం. హాలి సిక్కా (నిజాం సర్కారు సొంత నాణెం) చార్మినార్ రూపాయి ఒకటి, మంచి కండిషన్‌ది, గిరాకీ ఉన్న సైటులో 2,000కు పోయిందనుకోండి. కమీషన్ 12 శాతం అనుకుంటే 240. ఆ 240 మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 43 రూపాయల 20 పైసలు. ఈ రెండోది చాలామంది లెక్కల రాయనే రాయరు. రేటు కార్డు మీద 12 అని ఉన్నది మీ జేబులకెల్లి పోయేటప్పుడు 14.16 అయితది. చేతికొచ్చేది 1,716.80. అదే రూపాయిని సున్నా కమీషన్ సైటులో పెడ్తే ఇద్దరే పాడి 1,500 దగ్గర ఆగిందంటే, ఫీజు లేనిచోట మీకు 216 రూపాయలు తక్కువొచ్చినట్టు. అక్కడ పాట 1,717 దాకా పోతేనే రెండూ సమానం.

ఇద్దరే పాడితే ఎందుకట్ల ఆగుతదో అర్థం చేసుకోవాలె. చాలా సైట్లల్ల ప్రాక్సీ బిడ్ పద్ధతి. కొనేటాయన తన గరిష్ఠ ధర లోపల వేసి పెడ్తడు, ఎదుటోడు పెంచినప్పుడల్లా సైటే ఒక్కో మెట్టు పెంచుకుంట పోతది. మొదటాయన 5,000 వేసి పెట్టినా రెండో ఆయన 1,480 దగ్గర తప్పుకుంటే పాట 1,500కే కొట్టేస్తది. అంటే మీ ధర రెండో మనిషి చేతిల ఉన్నది. ఒక్క పెద్ద కలెక్టరు (నాణేలు, స్టాంపులు సేకరించేటాయన) ఉన్న సైటు కన్నా నడిమి రకం కలెక్టర్లు పదిమంది ఉన్న సైటు నయం. దేవరకద్ర ఉల్లి వేలానికి రైతులు బండి కిరాయి, హమాలీ పెట్టుకొని ఎందుకు పోతరు? వ్యాపారులు నలుగురు ఒక్కతాన నిలబడ్తరు కాబట్టే. ఊర్ల కల్లం కాడికి వచ్చి కొనేటోడు ఖర్చేం లేదంటడు, ధర కూడా ఆయన చెప్పిందే.

"మా దగ్గర అమ్మేటోళ్లకు ఫీజు లేదు, కొనేటోళ్ల దగ్గర ప్రీమియం (పాట ధర మీద అదనపు శాతం) తీసుకుంటం" అనే వేలం సంస్థల సంగతి కూడా ఇదే. ప్రీమియం 15 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే మొత్తం 17.7 శాతం. కొనేటాయన అమాయకుడు కాదు. తన జేబులకెల్లి 2,000 కన్నా ఎక్కువ తీయొద్దనుకుంటే దాన్ని 1.177తోని భాగించుకొని 1,699 దగ్గర ఆగుతడు. మీకు ఫీజు పడలే, వచ్చింది 1,699. పైన 12 శాతం కోసిన సైటులో వచ్చింది 1,716. ఫీజు ఎవరి పేరు మీద రాసినా ఒక్కటే కుండల నీళ్లు. ఆన్‌లైన్ వేలం సైటు ఈబే బ్రిటన్‌లో 2024 అక్టోబరులో వ్యక్తిగత అమ్మకందారులకు ఫీజు ఎత్తేసింది, అందరూ చప్పట్లు కొట్టిన్రు. 2025 ఫిబ్రవరిలో కొనేటోళ్ల మీద రక్షణ రుసుము పెట్టింది. సున్నా అన్న మాట కనపడంగనే కొనేటోళ్ల దిక్కు రేటు కార్డు తీసి చూడాలె.

శాతం ఫీజు, లిస్టింగ్ ఫీజు (అమ్ముడైనా కాకున్నా సరుకు సైటుల పెట్టినందుకు కట్టేది) ఒకే తీరుగ కొట్టవు. శాతం ఫీజు ఖరీదైన సరుకును కొడ్తది, లిస్టింగ్ ఫీజు చిల్లర సరుకును చంపుతది. ఒక్కో లిస్టింగుకు 20 రూపాయలు, నాలుగు పెడ్తే ఒకటి అమ్ముడుపోతదనుకోండి. అమ్ముడైన ఒక్కదాని మీద పడ్డ ఖర్చు 80. రెండు వందల స్టాంపు మీద అది 40 శాతం. రెండు పైల రాగి బిళ్లలు, చదరపు అణాలు ఒక్కొక్కటి విడిగా పెట్టి ఫీజులు పెరిగినయని మొత్తుకునేటోళ్లకు చెప్పేది ఒక్కటే: పది కలిపి ఒక లాట్ చేయండి. ఏ ఏండ్లవి ఉన్నయో రాసి, రెండు దిక్కులా ఫోటో తీసి పెడితే లిస్టింగు ఒకటే, పోస్టు ఒకటే, ప్యాకింగు ఒకటే.

విదేశాలకు అమ్మేటోళ్లకు ఇంకో మెలిక ఉన్నది. ఈబే అమెరికా సైటులో ఫైనల్ వాల్యూ ఫీజు (అమ్ముడైనంక కోసే కమీషన్) వస్తువు ధర మీద ఒక్కటే కాదు. పోస్టు ఖర్చు, కొన్నాయన కట్టిన సేల్స్ ట్యాక్సు కూడా కలిపిన మొత్తం మీద లెక్క కడ్తరు, పైన ఆర్డరుకు ఇన్ని సెంట్లని వేరే. పది డాలర్ల స్టాంపులు, ఎనిమిది డాలర్ల పోస్టు, ఒకటిన్నర ట్యాక్సు అనుకోండి. మొత్తం పందొమ్మిదిన్నర మీద 13 శాతం, ఇంకో 40 సెంట్లు, దగ్గర దగ్గర 2 డాలర్ల 94 సెంట్లు. పది డాలర్ల సరుకు మీద అది 29 శాతం. అందుకే విదేశాలకు చిన్న సరుకు ఒక్కొక్కటి పంపుడు దండగ. 1937 జూబ్లీ స్టాంపులు నాలుగూ (యునానీ దవాఖాన, ఉస్మానియా దవాఖాన, ఉస్మానియా యూనివర్సిటీ, జూబ్లీ హాలు) ఒక సెట్టుగ కట్టి, దానికి ఇంకో రెండు సెట్లు జతచేస్తేనే ఏమన్న మిగులుతది. అమెరికానే నమ్ముకున్నోళ్లకు 2025 ఆగస్టు గుర్తుండే ఉంటది. అమెరికా చిన్న పార్సిళ్లకు సుంకం మినహాయింపు ఎత్తేస్తున్నదని మన పోస్టాఫీసు అక్కడికి బుకింగులే బందు పెట్టింది, మళ్ల తెరిచేటాళ్లకు అక్టోబరు నడిమి అయింది. సైటు ఎంత మంచిదైనా ఒక్క దేశపు గిరాకీ మీద కూసుంటే గంతే.

పైసలు ఎప్పుడొస్తయన్నది కూడా ఫీజే. మన దిక్కు మిత్తి నూటికి రెండు రూపాయలు. నలభై అయిదు రోజులకు పైసలిచ్చే వేలం సంస్థ మీ నుంచి చెప్పకుండ మూడు శాతం తీసుకున్నట్టే. వారంల వేసే సైటు అర శాతమే. అప్పు తెచ్చి సరుకు కొనేటోళ్లు దీన్ని కమీషన్ పక్కన రాసుకోకపోతే ఆ లెక్క ఉత్తదే.

పన్నుల మీద కూడా ఉత్త లొల్లి నడుస్తది. సైటు కట్ చేసే టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) 2024 అక్టోబరు సంది 0.1 శాతమే, అంతకు ముందు 1 శాతం ఉండె. వ్యక్తిగా అమ్మేటోళ్లకు ఏడాదిల 5 లక్షల లోపు ఉండి పాన్ ఇచ్చి ఉంటే అదీ పడది. పాన్ ఇయ్యకపోతే 5 శాతం పోతది. జీఎస్టీ టీసీఎస్ (సైటు ముందే పట్టుకునే జీఎస్టీ) 2024 జులై 10 సంది 0.5 శాతం. ఈ రెండూ ఫీజు కాదు, రిటర్నుల దాఖలు చేసి వాడుకునే మీ పైసలు. వీటిని కమీషన్ల కలిపి సైటోడు దోచుకుంటుండని పోస్టులు పెట్టొద్దు. అసలు చూడాల్సింది వేరే ఉన్నది: పైసలు తానే వసూలు చేసే సైటు మీద వేరే రాష్ట్రాలకు అమ్మాలంటే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ నంబరు ఉండాలె. 2023 అక్టోబరు సంది నంబరు లేని చిన్నోళ్లు ఎన్‌రోల్‌మెంట్ తీసుకొని సొంత రాష్ట్రంల మాత్రం అమ్ముకోవచ్చు. నాణేలు కొనేటోళ్లు ముంబయి, కోల్‌కతాలలో ఉంటే తెలంగాణకే పరిమితమైన ఖాతాతోని ఏం చేస్తరు?

సైటు ఎంచుకునేటప్పుడు చట్టం ఇంకా పెద్ద సంగతి. 1972 పురావస్తువులు, కళాఖండాల చట్టం కింద నూరేండ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికొస్తది. ప్రైవేటోళ్లు దాన్ని విదేశాలకు పంపుడు నేరం, జైలు మూడేండ్ల దాకా ఉన్నది. దేశం లోపల దాన్ని వ్యాపారంగ అమ్మాలన్నా లైసెన్సు కావాలె. హిజ్రీ 1330 రూపాయి అంటే 1911-12 నాటిది, దాన్ని ఈబేలో అమెరికాకు పెట్టుడు ఫీజుల లెక్క కాదు, కేసు లెక్క. అట్లాంటి సరుకు లైసెన్సు ఉన్న దేశీ వేలం సంస్థకు ఇచ్చుడే దారి, 45 రోజులు ఆగినా సరే. (హిజ్రీ 1330ని క్రీస్తు శకం అనుకొని "ఏడు వందల ఏండ్ల నాణెం" అని లిస్టింగు పెట్టే మహానుభావులు ఇంకా ఉన్నరు. నిజాం కాలపు చార్మినార్ రూపాయికి ఏడు వందల ఏండ్లట.) పొలంల దున్నుతుంటే దొరికిన నాణేల కుండ అయితే ఏ సైటూ వద్దు, జిల్లా కలెక్టరుకు తెలపాలె. మీ నాణెం లక్షలకు కొంటం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండని రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఫోన్ చేసేటోళ్లు మోసగాళ్లు. రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ఈ సంగతి మీద హెచ్చరిక ఇచ్చింది.

ఇగ విశ్వాసం ముచ్చట. పాత అమ్మకందారులకు బాజీ డాట్ కామ్ అనే మన దేశపు వేలం సైటు యాది ఉంటది. 2004ల దాన్ని ఈబే కొన్నది, ఈబే ఇండియా అయింది. 2017ల అది ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయింది, 2018 ఆగస్టు 14న మూతపడ్డది. ఏండ్ల తరబడి ఒక్కో డెలివరీతోని కూడబెట్టిన ఫీడ్‌బ్యాకులు (కొన్నోళ్లు ఇచ్చే మార్కులు) దాంతోనే పోయినయ్. ఎవరికీ మూటగట్టి ఇయ్యలే. అంతకు ముందు 2008ల ఈబే నియమం మార్చి, కొన్నోళ్లకు అమ్మినోళ్లు నెగెటివ్ ఇయ్యరాదన్నది. పైసలు కట్టకుండ పోయినోని మీద కూడా చెడ్డ మార్కు పెట్టే దారి మూసుకున్నది. ఇది కుట్రేం కాదు, కొనేటోళ్లు తగ్గుతరని భయపడి చేసిన వ్యాపార నిర్ణయం. సైటోడు తన లెక్క తాను చూసుకుంటడు. మనం మాత్రం చుట్టరికం కలుపుకొని కూసుంటే ఎట్ల?

అట్లని ఫీడ్‌బ్యాకు విలువ లేనిది కాదు. కొత్త ఖాతాకు మొదట్ల పాట తక్కువనే పలుకుతది, కొన్ని సైట్లు పైసలు కూడా కొన్నాళ్లు పట్టి ఉంచుతయ్. కాబట్టి సైటు మారేటప్పుడు పోయేది ఎంతో రూపాయల్ల వేసుకోండి: కొత్త చోట మొదటి ముప్పై అమ్మకాలల్ల ఒక్కోదాని మీద నూరు రూపాయలు తక్కువ పలికితే, మార్పు ఖర్చు 3,000. పాత చోట పెరిగిన ఫీజు నెలకు 200 అయితే, ఆ ఖర్చు తిరిగి రావాలంటే పదిహేను నెలలు. నెలకు 1,500 అయితే రెండు నెలలే. విశ్వాసం అనే మాటకు దందాల ఇంతకన్నా అర్థం నాకు కనపడది.

నమ్మకం కొనేటోళ్ల దగ్గర సంపాదించుకోవాలె. అది సైటు మూతపడ్డా మీ వెంట వస్తది. అన్ని చోట్లా ఒకటే వ్యాపారం పేరు, ఒకటే ఫోటో తీరు ఉండాలె. చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములకు దగ్గర ఉన్నదా లేదా 0.01 గ్రాము చూపే కాటా మీద చూసి రాయండి. వెండి 81.8 శాతమని రాయండి, ఉత్త "ప్యూర్ సిల్వర్" అని రాస్తే వాపస్ వస్తది. నాణెం మీది చార్మినార్ దర్వాజల ఉన్న ఉర్దూ అక్షరం నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాటి 'మీమ్' అక్షరమా, నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాటి 'ఐన్' అక్షరమా కనపడేటట్టు దగ్గరగ ఫోటో తీయండి. 1330 రూపాయిల సగం ఐన్, పూర్తి ఐన్ అని రెండు రకాలున్నయ్, కలెక్టర్లు దాన్నే వెతుకుతరు. అంచు ఫోటో తప్పక పెట్టండి, పోతపోసిన నకిలీలకు అంచు మీద అతుకు గీత కనపడ్తది. చింతపండు పెట్టి తోమితే మాత్రం ఏ సైటూ కాపాడది. మెరుపు చూసి మురిసేది మీరే, కొనేటాయన క్లీన్ చేసిన నాణెమని సగానికి అడుగుతడు. పార్సిల్ల మీ పేరున్న చీటీ పెట్టొచ్చు గాని, సైటు మీద పాట నడుస్తుండంగ "బయట ఇస్త, తక్కువకు తీసుకో" అని మెసేజి పెట్టొద్దు. ఖాతా లేపేస్తరు, అది న్యాయమే కూడా.

వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపు వేలాలు నిజంగ సున్నా ఫీజే. చిన్న సరుకుకు, ముఖాలు ఎరిగినోళ్ల నడుమ మంచిగనే నడుస్తయ్. చెడేది మూడు తావుల. గెలిచినోడు పత్తా లేకుండ పోతడు, అడిగే నాథుడుండడు. బిడ్ పెట్టి ఎడిట్ చేస్తరు, డిలీట్ చేస్తరు. అడ్మిన్ దోస్తులే ధర పెంచుకుంట పాడ్తరు. నియమాలు ముందే రాయాలె: మొదటి ధర, ఎంతెంత పెంచాలె, ఎన్ని గంటలకు ముగింపు, ఆఖరి నిమిషంల బిడ్ వస్తే ఇంకో అయిదు నిమిషాలు పొడిగింపు, పైసలకు 24 గంటలు, ఆ తర్వాత రెండో బిడ్డరుకు. పేమెంటు స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టొద్దు, బ్యాంకు ఖాతాల పడ్డదా చూడండి. రెండు వేలు దాటిన సరుకు గ్రూపుల పెట్టకపోవుడే మంచిదని నా అభిప్రాయం, పోతే తిరిగొచ్చే దారి లేదు.

ఒకే వస్తువును రెండు చోట్ల ఒకేసారి వేలం పెట్టుడు ఇంకో రోగం. రెండు చోట్లా పాట అయితే ఒకచోట క్యాన్సిల్ చేయాలె, అక్కడ ఖాతాకు మచ్చ. వేలం ఒక్క చోటనే, గిరాకీ ఎక్కువున్న చోట, మొదటి ధర తక్కువ పెట్టి నడపండి. పాట పలచగ ఉండే చోట మీకు గిట్టుబాటయ్యే ధరకే ఫిక్స్‌డ్ రేటు పెట్టండి, 1 రూపాయి నుంచి మొదలంటే 1 రూపాయికే పోతది.

సైటు మార్చాల్నా వద్దా అన్నది తేల్చుకునేటందుకు ఒకటే తీరు సరుకు ఇరవై తీసి, పది అక్కడ పది ఇక్కడ, ఒకే వారంల, ఒకే ఫోటోలతోని పెట్టండి. అమ్ముడుపోని వాటి లిస్టింగు ఫీజులు, వాపస్ వచ్చిన పార్సిల్ ఖర్చు, మిత్తి అన్నీ తీసేసి, మిగిలిందాన్ని అమ్ముడైన వాటితో కాదు, పెట్టిన పదితో భాగించండి. ఒక్క విడతతోని తేలది, రెండు మూడు సార్లు చేయండి. పండుగల ముంగట ఒకటి, మామూలు రోజుల్ల ఒకటి.

మారుడే ఖాయమైతే పాత ఖాతా ఒక్కసారే మూసెయ్యకండి. ముందు వాపస్ గడువులు అయిపోవాలె, సైటు పట్టి ఉంచిన పైసలు రావాలె. ఆర్డర్ల రిపోర్టు, ఫీజుల ఇన్‌వాయిసులు, టీసీఎస్ లెక్కలు డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచుకోండి. జీఎస్టీ లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలని చట్టం, మూసిన ఖాతాల నుంచి అప్పుడు తీద్దామంటే లాగిన్ కూడా కాదు.