మన దగ్గర ఆటిజం లెక్క ఇంకా పెరగాలి

అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం. అంటే మాట్లాడటంలో, నలుగురితో కలవడంలో చిన్నప్పటి నుంచే వేరుగా ఉండే స్థితి. 2025 ఏప్రిల్‌లో అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ ఈ అంకె బయటపెట్టిన దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే టెన్షన్. 2000 సంవత్సరంలో 150 మందికి ఒకరు, 2010లో 68 మందికి ఒకరు, 2020లో 36 మందికి ఒకరు, 2022 లెక్కలో 31 మందికి ఒకరు. వరుసగా పేర్చి చూపిస్తే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. అక్కడి ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ దీన్ని మహమ్మారి అన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ పక్కనే నిలబడి, గర్భిణులు వేసుకునే టైలెనాల్ మీద నింద మోపారు. టైలెనాల్ అంటే మన ఇళ్లలో జ్వరానికి వేసుకునే పారాసిటమాలే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ అంకెల్లో పెరిగినదాంట్లో పెద్ద భాగం జబ్బు పెరుగుదల కాదు, ఇన్నాళ్లూ కంటికి ఆనని పిల్లలు ఇప్పుడు కంటికి ఆనడం. అందుకే అమెరికా పెద్ద అంకెను చూస్తే నాకు భయం వేయదు. మన దగ్గర అసలు అంకే లేకపోవడం చూస్తే వేస్తుంది.

సీడీసీ నివేదికలో పైన కనిపించే సగటును వదిలేసి లోపలి పట్టికలు చూడండి. 2022 లెక్క 16 ప్రాంతాల్లో తీశారు. టెక్సస్‌లోని లారెడోలో వెయ్యి మంది పిల్లలకు 9.7 మందిలో ఆటిజం ఉన్నట్టు తేలింది. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో ప్రాంతంలో వెయ్యికి 53.1. అంటే ఒకచోట 103 మందికి ఒకరు, ఇంకోచోట 19 మందికి ఒకరు. ఐదు రెట్ల పైనే తేడా. రెండూ మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతాలే. దేశం ఒకటే, అక్కడి పిల్లలకు వేయమని చెప్పే టీకాల పట్టిక ఒకటే, మందుల షాపులో అమ్మే టైలెనాల్ ఒకటే. మాత్ర వల్లో టీకా వల్లో ఆటిజం వచ్చేదైతే అది లారెడో పిల్లలను వదిలిపెట్టి శాన్ డియాగో పిల్లలనే ఎందుకు పట్టుకుంటుంది?

దీనికి జవాబు ఆ నివేదికలోనే ఉంది. శాన్ డియాగోలో పిల్లల డాక్టర్లకు చిన్న వయసులోనే ఆటిజం లక్షణాలు పసిగట్టి పరీక్షకు పంపేలా శిక్షణ ఇచ్చారు. పరీక్ష చేయడానికి, ఆ తర్వాత థెరపీ అందించడానికి కాలిఫోర్నియా అంతటా ప్రాంతీయ కేంద్రాలున్నాయి. అడిగేవాళ్లు, పరీక్షించేవాళ్లు, సాయం చేసేవాళ్లు ఉన్నచోట పిల్లలు లెక్కలోకి వచ్చారు. ఈ ఒక్క పోలికే చాలు, ఆటిజం మీద నడుస్తున్న సగం చర్చను పక్కన పెట్టేయడానికి. మన టీవీ చర్చల్లో మాత్రం దీని ఊసే రాదు.

రంగు, జాతి లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. ఒకప్పుడు సీడీసీ నివేదికల్లో తెల్లజాతి పిల్లల్లోనే ఆటిజం ఎక్కువ కనిపించేది. 2020 లెక్కకు అది తిరగబడింది. 2022లో తెల్లజాతి పిల్లల్లో వెయ్యికి 27.7 ఉంటే, నల్లజాతి పిల్లల్లో 36.6, ఆసియా, పసిఫిక్ దీవుల కుటుంబాల పిల్లల్లో 38.2. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలు ఈ చివరి వరుసలోకే వస్తారు. ఇంత తక్కువ కాలంలో ఏ జాతి రక్తమూ మారిపోదు. మారింది క్లినిక్ తలుపు ఎవరికి తెరుచుకుంటోందన్నది. 

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1943లో అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లలను వర్ణించారు. 1966లో పరిశోధకుడు విక్టర్ లాటర్ ఇంగ్లండ్‌లోని మిడిల్‌సెక్స్‌లో లెక్కేస్తే పది వేల మందికి 4.5 మంది తేలారు. అప్పట్లో మాటే రాని, మనిషి వైపే చూడని పిల్లవాడికి మాత్రమే ఆ పేరు పెట్టేవారు. తర్వాత బ్రిటన్ డాక్టర్ లోర్నా వింగ్ లాంటివాళ్లు దీన్ని విడిగా ఒక మూల ఉన్న జబ్బుగా కాక, తీవ్రత రకరకాలుగా ఉండే స్థితిగా చూపించారు. 1990లో అమెరికా ప్రత్యేక విద్య చట్టంలో ఆటిజాన్ని చేర్చారు. 1994లో డాక్టర్ల నిర్ధారణ పుస్తకంలోకి, మాటలు బాగానే వచ్చినా నలుగురితో కలవడం కష్టమయ్యే ఆస్పర్గర్ అనే రకం వచ్చి చేరింది. 2013లో అన్నీ కలిసి ఒకే స్పెక్ట్రమ్ అయ్యాయి. నిర్వచనం ఇంత వెడల్పు అయ్యాక సంఖ్య పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. పైగా అమెరికా స్కూళ్లలో ఆటిజం వర్గం పెరుగుతున్న ఏళ్లలోనే బుద్ధిమాంద్యం వర్గం తగ్గింది. అంటే కొందరు పిల్లలకు పేరు మాత్రమే మారింది.

2000 నుంచి 2016 వరకు ఉన్న రికార్డులను సీడీసీ పరిశోధకులే రెండు కుప్పలుగా విడదీసి చూశారు. మాటలు బొత్తిగా రానివాళ్లు, ఐక్యూ 50 కన్నా తక్కువ ఉన్నవాళ్లు ఒకవైపు, మిగతావాళ్లు ఇంకోవైపు. మొదటి కుప్ప వెయ్యికి 2.7 నుంచి 4.6 అయింది. రెండోది 3.9 నుంచి 14.3కు వెళ్లింది. తీవ్రమైన ఆటిజాన్ని ముప్పై ఏళ్ల కిందటైనా ఎవరూ చూడకుండా ఉండలేరు. పెరుగుదల ఎక్కువగా వచ్చింది క్లాసులో వెనక బెంచీలో ఒంటరిగా కూర్చుని, ‘మూడీ’ అనిపించుకుని, దెబ్బలు తిని బయటపడిన పిల్లల దగ్గర. 

దక్షిణ కొరియాలో గోయాంగ్ నగరంలో యంగ్ షిన్ కిమ్ బృందం చేసిన పని నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఆస్పత్రి రికార్డుల మీద ఆధారపడకుండా వాళ్లు నేరుగా స్కూళ్లకు వెళ్లారు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లలందరినీ లక్ష్యంగా పెట్టుకుని వెతికారు. 2011లో ఫలితం ప్రచురిస్తే 2.64 శాతం వచ్చింది. అప్పటి అమెరికా అంకె కంటే రెండింతల పైమాట. అలా తేలినవాళ్లలో మూడింట రెండొంతుల మంది మామూలు స్కూళ్లలో చదువుతున్నారు. వాళ్లకు అప్పటిదాకా పరీక్ష జరగలేదు, సాయం అందలేదు. వెతికినవాళ్లకు దొరికారు.

అసలు పెరుగుదలే లేదా అని అడిగేవాళ్లున్నారు. అడగడం న్యాయమే. డెన్మార్క్‌లో 2015లో వచ్చిన అధ్యయనం పెరుగుదలలో 60 శాతం వరకు నిర్ధారణ పద్ధతులు, రికార్డులు రాసే తీరు మారడం వల్లేనని చెప్పింది. మిగతా 40 శాతం మాటేమిటని అడుగుతారు. తల్లిదండ్రుల వయసు పెరుగుతోంది, నెలలు నిండని బిడ్డలు ఇప్పుడు బతుకుతున్నారు, ఈ రెండూ ఆటిజం అవకాశాన్ని కొంత పెంచుతాయి. ఒప్పుకుంటాను. అయితే ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి చేసిన సర్వే ఫలితం 2011లో వచ్చింది. పెద్దల్లోనూ సుమారు నూటికి ఒకరు తేలారు. వయసు పెరిగేకొద్దీ ఆ శాతం చెప్పుకోదగినంత తగ్గలేదు. నిన్నగాక మొన్న పుట్టుకొచ్చిన మహమ్మారి అయితే తాతల తరంలో వాళ్లెక్కడి నుంచి వస్తారు?

మహమ్మారి అన్న మాట అమ్మల మెడకు చుట్టుకుంటుంది. నాకు కోపం వచ్చేది అక్కడే. 1950, 60ల్లో అమెరికా నిపుణులు బిడ్డకు ప్రేమ పంచని తల్లి వల్ల ఆటిజం వస్తుందన్నారు. 1998లో 12 మంది పిల్లలను చూపించి బ్రిటన్ డాక్టర్ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా మీద అనుమానం లేపాడు. 2010లో ఆ పత్రాన్ని అచ్చేసిన వైద్య పత్రిక లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది. అయినా బిడ్డకు టీకా వేయించిన తల్లి అపరాధ భావం మాత్రం పోలేదు. ఇప్పుడు వంతు పారాసిటమాల్‌ది. స్వీడన్‌లో 1995 నుంచి 2019 వరకు పుట్టిన 24 లక్షల మందికి పైగా పిల్లల మీద చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూస్తే ఆ మాత్రకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. గర్భిణికి జ్వరం తగ్గించకుండా వదిలేయడమే బిడ్డకు ప్రమాదం.

మన దగ్గర నిందకు ఇంకో రూపం ఉంది, అది ఫోన్. ‘అన్నం తినిపించడానికి సెల్ ఇచ్చావు, అందుకే ఇలా అయ్యాడు’ అని అత్త అంటుంది, ఆడపడుచు అంటుంది, ఒక్కోసారి డాక్టరూ అంటాడు. దానికి వర్చువల్ ఆటిజం అని పేరు కూడా పెట్టేశారు. ఆటిజాన్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం‌లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీలో గానీ అలాంటి జబ్బే లేదు. రోజంతా తెర ముందు కూర్చోబెడితే మాటలు ఆలస్యం కావచ్చు, అది తగ్గించాల్సిందే. కానీ ఆటిజంలో వంశపారంపర్య పాత్ర చాలా పెద్దదని కవలల మీద, కుటుంబాల మీద చేసిన పరిశోధనలు తేల్చాయి. తప్పంతా ఆ తల్లి మీదకు నెట్టేసిన ఇంట్లోనే, రెండేళ్ల బిడ్డ పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, ‘మగపిల్లలకు మాటలు లేటు, వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి’ అని ఆస్పత్రికి వెళ్లనివ్వరు. ఇలా భయమూ జాప్యమూ కలిసినచోటే స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు గుంజే వ్యాపారం పుట్టింది. ఆటిజానికి ఆ చికిత్స పనిచేస్తుందనడానికి ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలే చెప్పింది.

ఇక మన లెక్కకు వద్దాం. 2018లో ప్రచురితమైన, పరిశోధన సంస్థ ఇన్‌క్లెన్ అధ్యయనం 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను ఐదు చోట్ల ఇంటింటికీ వెళ్లి చూసింది. హరియాణాలోని పల్వల్, హిమాచల్‌లోని కాంగ్డా, ఒడిశాలోని ఢెంకానాల్, ఉత్తర గోవాతో పాటు మన హైదరాబాద్ కూడా ఉంది. మొత్తం 3,964 మంది పిల్లలు. ఆటిజం సుమారు నూటికి ఒకరిలో కనిపించింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనం 8.46 కోట్లు. పెద్దల్లోనూ అదే నిష్పత్తి అనుకుంటే నూటికి ఒకరంటే ఎనిమిది లక్షల మందికి పైనే. వాళ్లెక్కడ ఉన్నారు? ప్రభుత్వం దగ్గరున్న ఏ రిజిస్టరులో వాళ్ల పేర్లున్నాయి?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. అందుకే చాలామంది తల్లిదండ్రులు బిడ్డకు బుద్ధిమాంద్యం సర్టిఫికెట్ తీసుకున్నారు. పింఛను కోసం, రైలు పాసు కోసం అబద్ధమని తెలిసీ ఆ ముద్ర వేయించుకున్నారు. అమెరికాలో బుద్ధిమాంద్యం నుంచి ఆటిజానికి పిల్లలు మారారు. మన దగ్గర ఆ గడే లేక ఇరుక్కుపోయారు. 2016 చట్టం వచ్చాక 21 రకాల వైకల్యాల్లో ఆటిజం చేరింది. దాని తీవ్రత కొలిచే ఇసా అనే 40 ప్రశ్నల పద్ధతిని తయారు చేసింది మన సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్నదే. దేశానికి కొలబద్ద ఇచ్చిన చోటు మనది. అయినా జిల్లాల్లో వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపుకు వెళ్లే తల్లికి, ఆ పరీక్ష చేయగల మనిషి ఏ రోజు వస్తాడన్నదే పెద్ద ప్రశ్న. ఎగిరి దూకుతూ కనిపించే పిల్లవాడికి వైకల్యం ఏమిటమ్మా అన్న మాట కూడా పడాలి.

నా దృష్టిలో ఇది వైద్యం సమస్య కంటే ముందు రాజకీయం సమస్య. లెక్క తేలితే ఖర్చు పెట్టాలి కాబట్టే ప్రభుత్వాలకు లెక్కలంటే ఇష్టం ఉండదు. ఈ సంగతి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ మొత్తం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేలో బీసీలు 56 శాతం పైనే అని తేలింది. మరుసటి ఏడాది మార్చిలోనే అసెంబ్లీ 42 శాతం రిజర్వేషన్ బిల్లు పాస్ చేసింది. మేం ఇంతమందిమి అని చూపించగలిగినవాళ్ల మాటకు అసెంబ్లీలో బరువు వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు అలా చూపించడానికి ఒక్క కాగితం లేదు. 2011 జనాభా లెక్కల్లో వైకల్యాల గడులు ఎనిమిదే, ఆటిజం పేరు అందులో లేదు. ‘ఇతరాలు’ అనే గడిలో దేశం మొత్తం మీద 49 లక్షల మందిని కుప్పపోశారు. వాళ్లలో ఎవరెవరున్నారో పదిహేనేళ్లుగా ఎవరూ విడదీసి చెప్పలేదు.

2027 ఫిబ్రవరిలో జనగణన జరగబోతోంది. కులం అడుగుతారు, అడగాల్సిందే. వైకల్యం ప్రశ్న కింద 2016 చట్టంలోని 21 పేర్లూ విడివిడిగా ఉండాలి, ఆటిజం పేరు ఆటిజంగానే ఉండాలి. అంతవరకూ ఆగకుండా రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేయగలిగిన పనులున్నాయి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీ పిల్లలను చూడాల్సిన 30 సమస్యల జాబితాలో ఆటిజం కూడా ఉంది. ఆ బృందాలు ఎంతమందిని గుర్తించాయి, ఎంతమందిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాయి, వెళ్లినవాళ్లలో ఎంతమందికి థెరపీ అందింది, ఈ మూడు అంకెలు జిల్లాలవారీగా ఏటా ప్రచురించాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల రిజిస్టర్లను సదరం జాబితాలతో సరిచూడాలి. అలా చేసిన మొదటి ఏడాది మన అంకెలు ఒక్కసారిగా పైకి లేస్తాయి, పత్రికల్లో ‘తెలుగు రాష్ట్రాల్లో ఆటిజం ఉధృతి’ అని హెడ్‌లైన్లు వస్తాయి. ఆ రోజు ఆరోగ్య మంత్రులు భయపడి లెక్క ఆపేయకూడదు. తర్వాతి బడ్జెట్‌లో స్పీచ్ థెరపిస్టుల, స్పెషల్ టీచర్ల పోస్టులు ఎన్ని కావాలో ఆ అంకెను చూసే తేల్చాలి.