కొండ దిగే కాళ్లు

అలిపిరి నుంచి 3,550 మెట్లు మొక్కుకుని ఎక్కిన వాళ్లు మన ప్రతి ఇంట్లోనూ ఉంటారు. దర్శనం అయ్యాక వాళ్లలో చాలామంది బస్సులోనే కిందికి వస్తారు. అందుకేనేమో, కొండ అనగానే మనకు ఎక్కడమే గుర్తొస్తుంది.

ఈమధ్య కాలిఫోర్నియాలోని మన బే ఏరియాలో యాభైకి దగ్గరపడినవాళ్లు జాన్ మ్యూర్ ట్రెయిల్ అనే కొండల కాలిబాట గురించి మాట్లాడుకుంటుంటే సంతోషంగా ఉంది. యోసెమిటీ లోయ నుంచి మౌంట్ విట్నీ శిఖరం దాకా 211 మైళ్లు. పర్మిట్లు, టెంట్లు, బూట్ల గురించి వాట్సాప్‌లో గంటలకొద్దీ చర్చలు నడుస్తున్నాయి. కాళ్ల మాట వస్తే మాత్రం "రోజూ పదివేల అడుగులు వేస్తున్నాం కదా" అనేస్తారు. చదునైన రోడ్డు మీద ఉత్త చేతులతో నడవడం ఒంటికి మంచిదే. కొండకు మాత్రం అది చాలదు.

ఆ సంగతి నాకు ఫ్రీమాంట్‌లో మిషన్ పీక్ మీద తెలిసొచ్చింది. బ్యాక్‌ప్యాక్‌లో 20 పౌండ్ల సోనా మసూరి సంచీ పెట్టుకుని వెళ్లాను. మూడు మైళ్లలో రెండు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. ఆగి ఆగి ఎక్కగలిగాను. దిగేటప్పుడు సగం దారిలో తొడలు వణకడం మొదలైంది. గులకరాళ్ల మీద మడమ జారితే నిలదొక్కుకునే బలం కాలికి లేదు. తర్వాత రెండు రోజులు ఇంట్లో మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే బరువును ఆపాలి. ఈ రెండో పని అలవాటు లేకపోతే కండరం తొందరగా అలిసిపోతుంది, భారం మోకాలి మీద పడుతుంది. నేర్పితే మాత్రం బాగా నేర్చుకుంటుంది. అందుకు ఇంట్లో ఒక్క మెట్టు చాలు. మెట్టు అంచున ఒంటికాలిపై నిలబడి, నాలుగు లెక్కపెట్టేంతసేపు రెండో మడమను మెల్లగా కిందికి దించాలి. నేలకు ఆనగానే మళ్లీ పైకి. ఒక్కో కాలికి ఎనిమిదిసార్లు, రోజు విడిచి రోజు.

బరువు దగ్గర తొందర వద్దు. ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లు గట్టిపడడానికి నెలలు కావాలి. పది పౌండ్ల బియ్యంతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి రెండు పౌండ్లు కలపండి. ముందు డాక్టర్‌కి చూపించుకోండి. సన్నగా ఉన్నా మనవాళ్లకు షుగరు, గుండె జబ్బు చిన్న వయసులోనే వస్తున్నాయి.

విట్నీ శిఖరంతో ట్రెయిల్ పూర్తవుతుంది. అక్కడి నుంచి రోడ్డు చేరాలంటే ఇంకో పదకొండు మైళ్లు, ఆరు వేల అడుగులకు పైగా దిగాలి. అన్ని రోజులు నడిచి అలిసిన కాళ్లతో ఆ దిగుడు.

మన సంఘం ఏటా పార్కులో పెట్టే నడకను ఈసారి మిషన్ పీక్ మీద పెట్టమని నా మనవి. పైన ఫోటోలు దిగాక ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోకుండా, అందరం కలిసి మెల్లగా కొండ దిగుదాం.