ఈబుక్ ఏ ఫోన్‌లో తెరుచుకుంటుందో డబ్బు తీసుకునే ముందే చెప్పాలి

ఒంగోలు, నెల్లూరు కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఇప్పుడు ఈబుక్‌లు కూడా కొంటున్నారు. చాలామందికి అసలు సంగతి డబ్బు కట్టాకే తెలుస్తోంది. ఫోన్‌లో బాగానే తెరుచుకున్న పుస్తకం ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో తెరుచుకోదు. నాలుగు పేజీలు ప్రింట్ తీసుకుందామన్నా కుదరదు. పరీక్ష దగ్గర పడ్డాక ఈ టెన్షన్ ఎవరికి కావాలి?

కాపీలు తీయకుండా ఫైలుకు వేసే డీఆర్ఎం తాళమే దీనికి కారణం. ఆ తాళంచెవి కొన్నవారి ఖాతాకు, ఫలానా యాప్‌కు ముడిపడి ఉంటుంది. అడోబీ కంపెనీ తాళం వేసిన ఈపబ్ రకం ఈబుక్ ఫైలు అమెజాన్ కిండిల్‌లో తెరుచుకోదు. ఆ తాళం తీసే అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే యాప్ విండోస్‌కు, మ్యాక్‌కు ఉంది కానీ లినక్స్‌కు లేదు. దుకాణం మూతపడితే పుస్తకమూ పోవచ్చు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణాన్ని మూసేసినప్పుడు డబ్బు వెనక్కిచ్చింది, పుస్తకాలు మాత్రం పాఠకుల దగ్గర మిగల్లేదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో తాతల నాటి పుస్తకాలను ఈనాటికీ ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు. తాళం వేసిన ఈబుక్‌ను అలా గ్రంథాలయానికి ఇచ్చే వీలే లేదు.

తాళం వేయడమే తప్పని మేము అనడం లేదు. కొత్త పుస్తకం వచ్చీరాగానే పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరిగితే రచయిత కడుపు మీద కొట్టినట్టే. కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులకు గండికొట్టే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. తాళానికి ఇంత రక్షణ ఇచ్చినప్పుడు, అది ఉందని కొనేవారికి చెప్పే బాధ్యత కూడా గట్టిగా ఉండాలి. కొంటున్నది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి మాత్రమేనని చెప్పకుండా ‘కొనండి’ అని అమ్మకూడదంటూ కాలిఫోర్నియా చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా కొనేదాని గురించి తెలుసుకునే హక్కు ఇచ్చింది. ఈబుక్‌ల విషయంలో ఏమేం చెప్పాలో కేంద్రం విడిగా నిబంధన తేవాలి. ఏ పరికరాల్లో, ఎన్నింటిలో తెరుచుకుంటుంది, ప్రింట్ వస్తుందా రాదా అన్నవి ధర పక్కనే, తెలుగు పుస్తకానికి తెలుగులోనే రాయాలి. తెరుచుకోకపోతే డబ్బు వాపసు ఇవ్వాలి.

అప్పటిదాకా పాఠకులూ జాగ్రత్తగా ఉండాలి. ఉచిత నమూనా తెరుచుకుందని నమ్మేయకండి, దానికి తాళం ఉండకపోవచ్చు. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అమ్మిన కంపెనీ ఎక్కడున్నా, కొన్నవారు తామున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.