మిల్లీక్యూరీ లెక్క ఎవరు సరిచూస్తారు?

మెడికల్ ఐసోటోపుల (స్కాన్లకు, చికిత్సకు వాడే రేడియోధార్మిక పదార్థాల) గురించి మన దగ్గర ఎప్పుడు చర్చ వచ్చినా అది రియాక్టర్‌తో మొదలై రియాక్టర్‌తోనే ముగుస్తుంది. వీటి ఉత్పత్తి కోసం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో పరిశోధన రియాక్టర్ కడతామని 2020 మేలో కేంద్రం ప్రకటించినప్పుడూ అంతే జరిగింది. రియాక్టర్ కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ అక్కడ బయల్దేరిన సరుకు రోగి నరంలోకి ఎక్కేలోపు కనీసం మూడు చోట్ల దాన్ని కొలవాలి: తయారుచేసిన చోట, మందుగా మార్చిన చోట, ఆసుపత్రిలో సిరంజిలోకి తీశాక. ఈ మూడు కొలతలూ ఒకే ప్రమాణానికి కట్టుబడి ఉన్నాయా అన్నదాని మీద మనం పెట్టాల్సినంత దృష్టి పెట్టడం లేదని నా అభిప్రాయం.

ముందు సరఫరా సంగతి చూద్దాం. ప్రపంచంలో జరిగే న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్లలో దాదాపు 80 శాతానికి టెక్నీషియం-99ఎం ఆధారం. దాని అర్ధాయువు ఆరు గంటలే కాబట్టి ఎవరూ నిల్వ చేయలేరు. 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినం-99ను జనరేటర్ అనే చిన్న పరికరంలో పెట్టి పంపితే, అది క్షీణిస్తూ టెక్నీషియాన్ని ఇస్తుంది. మాలిబ్డినం కూడా గంటకు సుమారు ఒక శాతం చొప్పున తరిగిపోతుంది. అందుకే ఆ వ్యాపారంలో 'ఆరు రోజుల క్యూరీ' అనే లెక్క పుట్టింది (క్యూరీ అంటే రేడియోధార్మికతకు కొలమానం, మిల్లీక్యూరీ అందులో వెయ్యో వంతు). ప్రాసెసింగ్ ప్లాంటు గేటు దాటిన ఆరు రోజుల తర్వాత ఎంత మిగులుతుందో దానికే ధర. వంద క్యూరీలు బయల్దేరితే అప్పటికి మిగిలేది 22. ఆలస్యమైన విమానానికి కూడా ఇక్కడ క్యూరీల్లోనే మూల్యం చెల్లించాలి.

ఈ సరఫరా ఎంత బలహీనమో 2009లో తెలిసొచ్చింది. కెనడాలోని చాక్ రివర్‌లో 1957 నుంచి నడుస్తున్న ఎన్‌ఆర్‌యూ రియాక్టర్ భారజలం లీకై ఆ ఏడాది మేలో ఆగింది. మళ్లీ మొదలయ్యేసరికి 2010 ఆగస్టు వచ్చింది. ఆ మధ్యలోనే నెదర్లాండ్స్‌లోని పెటెన్ రియాక్టర్ కూడా మరమ్మతులకు నెలల తరబడి మూతపడింది. ప్రపంచానికి కావాల్సిన మాలిబ్డినంలో సగానికి పైగా ఈ రెండు చోట్ల నుంచే వచ్చేది. ఎన్‌ఆర్‌యూను 2018లో శాశ్వతంగా మూసేశారు. మన సైరస్ రియాక్టర్ 2010 చివర్లో ఆగిపోయింది, ట్రాంబేలో 1985 నుంచి నడుస్తున్న ధ్రువ మీద భారం పెరిగింది. ఈ పాత రియాక్టర్లను ప్రజాధనంతో పరిశోధన కోసం కట్టారు. ఐసోటోపుల ధరలో కట్టుబడి ఖర్చు సరిగా కలపకపోవడంతో, కొత్తది కడితే గిట్టుబాటు కాదన్న పరిస్థితి ఏర్పడింది. కొరతకు యంత్రాల వయసెంత కారణమో ఈ ధరల విధానమూ అంతే కారణం.

ఇక కొలత. ఉదయం ఆసుపత్రి హాట్ ల్యాబ్‌లో (రేడియోధార్మిక మందులు సిద్ధం చేసే గదిలో) జనరేటర్‌కు ఒక పక్క సెలైన్ వయల్, ఇంకో పక్క సీసం తొడుగులో గాలి తీసేసిన ఖాళీ వయల్ తగిలిస్తారు. సెలైన్ అల్యూమినా పొర గుండా పారుతూ టెక్నీషియాన్ని తీసుకుని ఖాళీ వయల్‌లోకి చేరుతుంది. మాలిబ్డినం మాత్రం అల్యూమినాకే అంటుకుని ఉండిపోవాలి. ఉండిపోయిందో లేదో చూడటానికి ఆ వయల్‌ను మందపాటి సీసం డబ్బాలో పెట్టి డోస్ కాలిబ్రేటర్ అనే కొలత యంత్రంలోకి దించుతారు. టెక్నీషియం గామా కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే కనుక సీసం వాటిని ఆపేస్తుంది. మాలిబ్డినం కిరణాల శక్తి 740, అవి సీసాన్ని దాటి వస్తాయి. అప్పుడు మీటర్ చూపేది దాదాపుగా మాలిబ్డినమే. ఒక్కో మిల్లీక్యూరీ టెక్నీషియానికి అది 0.15 మైక్రోక్యూరీ దాటితే ఆ మందు రోగికి ఇవ్వకూడదు. కొన్ని నిమిషాల పనే అయినా, రోగి కాలేయానికి అనవసరమైన రేడియేషన్ తగలకుండా కాపాడేది ఇదే.

డోస్ కాలిబ్రేటర్ అంటే పీడనంతో ఆర్గాన్ వంటి వాయువు నింపిన బావి లాంటి గది. రేడియేషన్ ఆ వాయువును అయనీకరిస్తే అతి స్వల్ప కరెంటు పుడుతుంది. ఆ కరెంటును ఏ ఐసోటోపుకు ఎన్ని మిల్లీక్యూరీలుగా లెక్కించాలో చెప్పేది తెర మీద మనం ఎంచుకునే సెట్టింగ్. చిక్కంతా ఈ సెట్టింగ్‌తోనే. రోజూ పొద్దున్నే సీజియం-137 సోర్స్ పెట్టి యంత్రాన్ని పరీక్షిస్తారు. నిన్నటిలాగే ఇవాళా పనిచేస్తోందని ఆ పరీక్ష చెబుతుంది. క్యాన్సర్ చికిత్సలో వాడే లుటీషియం-177 సెట్టింగ్ సరైనదేనా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. పైగా ఇండియం-111 లాంటి తక్కువ శక్తి ఎక్స్ కిరణాలు వెలువడే ఐసోటోపులకు గాజు వయల్‌లో ఒక అంకె, ప్లాస్టిక్ సిరంజిలో ఇంకో అంకె వస్తాయి. బీటా కిరణాలే ప్రధానమైన యిట్రియం-90 కూడా అంతే.

ఇందులో పొరపాటు అగ్ర సంస్థలకూ తప్పలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినవారికి ఇచ్చే రేడియం-223 విషయంలో, అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ మొదట నిర్ధారించిన ప్రమాణానికీ తర్వాతి కొలతలకూ దాదాపు పది శాతం తేడా తేలింది. 2016లో మందు లేబుల్ మీద కిలో బరువుకు 50 కిలోబెక్వెరెల్ (రేడియోధార్మికతకు ఇంకో కొలమానం) అన్నచోట 55 అని మార్చాల్సి వచ్చింది. రోగికి అందే అసలు మోతాదు మారలేదు, అంకె మాత్రమే సరిదిద్దారు. తప్పును బయటపెట్టి, ఆసుపత్రులన్నింట్లో సెట్టింగులు మార్పించిన ఆ తీరు నాకు నచ్చుతుంది. అలా సరిదిద్దగల వ్యవస్థ మనకూ ఉండాలి.

పునాది మనకు లేకపోలేదు. అయనీకరణ వికిరణాలకు దేశంలో ప్రాథమిక ప్రమాణాలు నిలిపేది భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్). బీటాలను, గామాలను విడివిడిగా లెక్కబెట్టి, రెండూ ఒకేసారి వచ్చిన ఘటనలను కూడా లెక్కగడితే డిటెక్టర్ సామర్థ్యంతో పని లేకుండానే అసలు రేడియోధార్మికత ఎంతో తెలుస్తుంది. ఆ పద్ధతిలో వచ్చిన విలువలను పారిస్ దగ్గరి అంతర్జాతీయ తూనికలు కొలతల బ్యూరోతో పోల్చుకుంటారు. అయోడిన్-131 కొలతలపై ఆసుపత్రుల మధ్య పోలిక పరీక్షలు కూడా బార్క్ నిర్వహిస్తూ వస్తోంది. దీన్నే లుటీషియం-177, ఫ్లోరిన్-18, గాలియం-68లకు విస్తరించి, లైసెన్స్ పునరుద్ధరణకు తప్పనిసరి చేయమన్నదే నా కోరిక. కిరాణా కొట్టు తూకపురాళ్లకు కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలంటాం కదా. లుటీషియం చికిత్సలో ఒక విడత మోతాదు సాధారణంగా 200 మిల్లీక్యూరీలు. పది శాతం తేడా అంటే 20 మిల్లీక్యూరీలు. నాలుగు నుంచి ఆరు విడతలు తీసుకునే మనిషి మూత్రపిండాలకు అది చిన్న విషయం కాదు.

ఈ గొలుసులో తెలుగు నేలకూ ఒక కొస ఉంది. పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18ని సైక్లోట్రాన్ అనే కణ త్వరణ యంత్రంలో తయారుచేయాలంటే ఆక్సిజన్-18 దండిగా ఉన్న నీరు కావాలి. మామూలు నీటిలో దాని వాటా 0.2 శాతమే. దిగుమతుల మీదే ఆధారపడ్డ ఆ నీటిని వేరుచేసే ప్లాంటు ఇప్పుడు మణుగూరు భారజల కర్మాగారంలో ఉంది. తయారైన ఫ్లోరిన్ అర్ధాయువు 110 నిమిషాలు. హైదరాబాద్‌లో తయారైంది వరంగల్‌కు చేరేసరికే సగానికి పైగా పోతుంది. సైక్లోట్రాన్లు జిల్లాలకు దగ్గరగా రావాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

క్యాన్సర్ చికిత్సలో రాబోయేది ఆక్టినియం-225. అర్ధాయువు సుమారు పది రోజులు, ఇచ్చేది చాలా కొద్ది పరిమాణం. దాన్ని నేరుగా కాకుండా, దాని నుంచి పుట్టే ఫ్రాన్షియం, బిస్మత్‌ల గామా కిరణాలను బట్టి కొలవాలి. శుద్ధి చేశాక అవి సమతుల్యతకు వచ్చేదాకా కొన్ని గంటలు ఆగాలి, తొందరపడితే అంకె తప్పుతుంది. ఈ మందులు మన ఆసుపత్రుల్లో మామూలు కాకముందే దీనికి జాతీయ ప్రమాణం, ఆసుపత్రులకు తిరిగే పోలిక నమూనాలు సిద్ధం చేసుకునే వ్యవధి మనకు ఇంకా ఉంది.