గడప మీద బీరువా

గుంటూరు బ్రాడీపేటలో మా మామగారి ఇల్లు మూడు విడతల్లో తయారైంది. ముందు గదులు వాళ్ల నాన్నగారు కట్టించారు. పడగ్గది మా పెళ్లికి ముందు పిల్లర్లు లేపి వేయించింది. మొన్నామధ్య పాత గచ్చు మీదే ఇల్లంతా టైల్స్ పరిచారు. ఈ టైల్స్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మామగారు మండల సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఊళ్లోవాళ్ల పొలాలు కొలిచిన మనిషికి ఉన్నట్టుండి కొలవడానికి ఏమీ లేకుండా పోయింది. సరిగ్గా ఆ సమయంలో తెనాలిలో ఉండే ఆయన తోడల్లుడుగారు ఓ వీడియో పంపారు. ఇంట్లో రేడియేషన్ ఎంతుందో మన ఫోనుతోనే కొలుచుకోవచ్చట. యాప్ ఉచితం.

అంతకుముందే నివారణ చర్యలు కొన్ని అమల్లో ఉన్నాయి. వైఫై రూటర్‌కి అల్యూమినియం ఫాయిల్ చుట్టేశారు. అక్కణ్ణించి ఇంటర్నెట్ హాల్లో వస్తే వరండాలో రావడం మానేసింది. మెడలో ఓ నల్లరాతి లాకెట్టు వచ్చి చేరింది. అది కూడా తోడల్లుడుగారి సలహానే. వీటన్నిటికంటే గట్టి చట్టం ఏమిటంటే, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా ఇంట్లో ఫోన్లన్నీ జంతికల డబ్బాలో ఉండాలి. స్టీలు డబ్బా కాబట్టి తరంగాలు బయటికి రావట. జంతికలు ప్లాస్టిక్ డబ్బాలోకి మారి మెత్తబడ్డాయి. ఆ కోపం అత్తయ్యగారికి ఇంకా ఉంది.

ఫోన్ని రేకులో పెడితే ఏమవుతుందో నేను చెప్పకపోలేదు. బెజవాడలో పాలిటెక్నిక్ పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెప్పుకు బతికేవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. సిగ్నల్ బాగా అందుతుంటే ఫోను తన శక్తి తగ్గించుకుని నెమ్మదిగా పనిచేసుకుంటుంది. అందకపోతే, చెవుడున్న పెద్దాయనతో మాట్లాడేటప్పుడు మనం గొంతు పెంచినట్టు, అదీ శక్తి పెంచుతుంది. మూత సందుల్లోంచి ఎంతో కొంత అందుతూనే ఉంటుంది కనక డబ్బాలో ఫోను పూర్తిగా చావదు, తిన్నగా బతకదు. అంటే రేడియేషన్ తగ్గించడానికి పెట్టిన డబ్బాలో కూర్చుని ఫోను మామూలుకంటే ఎక్కువ విసురుతోందన్నమాట. సాయంత్రానికి చార్జింగ్ సగం అయిపోయేది అందుకే. "చూశారా, లోపల ఎంత రేడియేషన్ ఉంటే బ్యాటరీ అంత తాగేస్తుంది!" అన్నారు మామగారు. ఇంక నేనేమంటాను?

మేం వెళ్లిన శుక్రవారం పొద్దున్నే సర్వే మొదలైంది. ఫోను చేత్తో పట్టుకుని, వెనకటి గొలుసు పట్టిన ఠీవితో గదిగదీ తిరిగారు. రూటర్ దగ్గర నలభై చిల్లర. టీవీ దగ్గర ఇంచుమించు అంతే. తులసికోట దగ్గరా అంతే. ఆయన మొహం వాడిపోయింది. పడగ్గదిలో అత్తయ్యగారి బీరువా దగ్గరికి రాగానే ముల్లు ఎర్రగీత దాటి ఫోను కీచుకీచుమని అరిచింది.

"అల్లుడుగారూ! దొరికింది."

ఆ యాప్‌కి వైఫై అంటే ఏమిటో కూడా తెలియదు. ఫోన్లో దిక్సూచి కోసం పెట్టిన చిన్న సెన్సార్ ఉంటుంది, యాప్ చదివేది దాన్నే. అది చూపించే నలభై చిల్లర మైక్రోటెస్లాలు మన ప్రాంతంలో భూమికి సహజంగా ఉండే అయస్కాంత క్షేత్రం. భూమి పుట్టి కాస్త కుదుటపడ్డప్పటి నుంచీ ఉన్నదే. రూటర్ తరంగమేమో సెకనుకి 240 కోట్ల సార్లు ఊగుతుంది, ఆ సెన్సార్‌కి అది అందే పనే కాదు. ఇనప బీరువా మాత్రం తన చుట్టూ భూమి క్షేత్రాన్ని వంచుతుంది. కాబట్టి ఇంట్లో ఏ తరంగాలూ వదలని ఏకైక పెద్ద వస్తువు మీద నేరం రుజువైంది.

ఇదంతా నేను సగం చెప్పేసరికే ఆయన బీరువాకి ఓ పక్క భుజం ఆనించారు. మామగారు ఓ పక్క మోస్తుంటే అల్లుడు రెండో పక్క పట్టకపోవడం మా వైపు లేదు. కొలత పూర్తయింది కనక, టైము పది దాటింది కనక, ఆయన ఫోనూ నా ఫోనూ నియమం ప్రకారం డబ్బాలోకి వెళ్లిపోయాయి. మా ఆవిడ అప్పటికే పట్నంబజారు వెళ్లింది. లేకపోతే ఈ కథే ఉండేది కాదు.

బీరువా ఆ గదిలోకి వచ్చింది టైల్స్ వేయకముందు. టైల్స్ వేశాక నేల రెండంగుళాలు పైకొచ్చింది, ద్వారబంధం మాత్రం ఉన్నచోటే ఉంది. రెవెన్యూలో అంత సర్వీసున్న మనిషి అది ఒక్కటీ కొలవలేదు. హాల్లోకి తోశాం, పైన తగిలింది. వెనక్కి వంచి తోశాం, సగం వెళ్లింది. ఇంకాస్త తోశాం, కిర్రుమని గడప మీద కూలబడి అటూ ఇటూ కదలనంది. మేమిద్దరం గదిలో, అత్తయ్యగారు హాల్లో, మధ్యలో గోద్రెజ్ కాలం నాటి ఇనుము.

"శుక్రవారం పూట లక్ష్మిని గడప మీద నిలబెట్టారా?" అని బీరువా అవతల నుంచి గొంతు వినబడింది. నగలు అందులోనే ఉన్నాయి. "వస్తోందా పోతోందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

"ముందు వడ్రంగికి ఫోన్ చెయ్యి," అన్నారు మామగారు.

"ఫోన్లు డబ్బాలో ఉన్నాయి కదండీ."

"తియ్యి మరి."

"ఆరింటిదాకా ముట్టుకోవద్దన్నది మీరే. రేడియేషనండీ. నేను ముట్టుకోను."

జంతికలకి బదులు తీరిందని నాకు అర్థమైంది. ఆయనకి కాలేదు. వంటింట్లో డబ్బా మోగడం మొదలైంది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. "తెనాలి వాళ్లే అయ్యుంటారు," అన్నారు అత్తయ్యగారు, కూరగాయలు తరుక్కుంటూ.

కిటికీ ఊచల్లోంచి కాఫీలు వచ్చాయి. మా మామగారు నా మాట మొత్తం విన్న రోజు అదొక్కటే. వెళ్లడానికి వేరే దారి లేదు మరి. కిటికీలోంచి వెనక వీధి మేడ మీద సెల్ టవర్ కనబడుతోంది. ముందు దాని గురించి అడిగారు. 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో టవర్ల పరిమితి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పదో వంతుకి తగ్గించారని, అనుమానం ఉంటే తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో 4000 రూపాయలు, పైన పన్ను కట్టి దరఖాస్తు పెడితే వచ్చి కొలుస్తారని చెప్పాను.

"నాలుగు వేలా! అన్యాయం," అన్నారు. లాకెట్టుకి దాదాపు అంతే పెట్టారు.

లాకెట్టు సంగతి కూడా చెప్పేశాను. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ఇలాంటి '5జీ రక్షణ' సరుకులు కొన్ని పరీక్షించి, లాకెట్లు, కంకణాలు, కళ్లగంతలతో సహా పదింటిని వాడొద్దని హెచ్చరించింది. వాటిలోంచే రేడియేషన్ వస్తోంది. అదీ ఫోన్లలాంటిది కాదు, ఎక్స్‌రేల జాతిది, కణాల్లో డీఎన్ఏని దెబ్బతీయగలిగేది. ఫోను తరంగాలకి అంత సత్తువ లేదు, ఎక్కువైతే వేడి పుట్టించగలవు అంతే. మామగారు నిదానంగా లాకెట్టు తీసి కిటికీ ఊచకి తగిలించి, మూడడుగులు వెనక్కి జరిగారు. అది ఏ రాయో నాకు తెలియదుగానీ, ఆ రోజు ఆయన చేసినవాటిలో శాస్త్రానికి దగ్గరగా ఉన్నది ఆ వెనక్కి జరగడమే. దూరం రెట్టింపైతే తరంగాల తీవ్రత నాలుగో వంతుకి పడిపోతుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుందే, తలకి మూడు సెంటీమీటర్ల దగ్గర దాని అయస్కాంత క్షేత్రం 2000 మైక్రోటెస్లాల దాకా పోవచ్చు. జానెడున్నర దూరంలో ఏడు దాటదు. ఫోను చెవికి అంటించకుండా స్పీకర్‌లోనో ఇయర్‌ఫోన్‌తోనో మాట్లాడటం, సిగ్నల్ సరిగా లేనిచోట సోది పెట్టుకోకపోవడం, రాత్రి దిండు కింద కాకుండా బల్ల మీద పెట్టడం. పైసా ఖర్చు లేదు కనక వీటిని ఎవరూ వీడియో తీసి పంపరు.

"అయితే రూటర్ పక్కన పడుకుంటే తెల్లారేసరికి తల పగిలిపోతుందే, అదేమిటి?"

"మీరు గురక మొదలెట్టగానే నేను రూటర్ స్విచ్ తీసేస్తాగా," అంది హాలు. "ఫాయిల్ చుట్టకముందు నుంచీ తీస్తున్నాను. కరెంటు బిల్లు ఎవరు కడతారు?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరంగాలు పడట్లేదని చెప్పుకునేవాళ్లని కూర్చోబెట్టి, పరికరం వేసి ఉందో లేదో వాళ్లకీ పరీక్షించేవాళ్లకీ తెలియకుండా చేసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. తలనొప్పి నిజంగానే వస్తుంది, కానీ పరికరం ఆపేసినప్పుడూ వస్తుంది. ఈ ప్రయోగాన్ని ఖర్చు లేకుండా అత్తయ్యగారు బ్రాడీపేటలో పూర్తిచేశారు. ఆ మాట పైకి అనలేదు.

మామగారు చివరి బాణం తీశారు. "ప్రపంచ ఆరోగ్య సంస్థే క్యాన్సర్ అని రాసిందిగా?"

రాసింది నిజమే. ఆ సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2011లో ఈ తరంగాల్ని '2బి' జాబితాలో పెట్టింది. అంటే కారణం కావచ్చేమో, ఆధారాలు మాత్రం అంతంతే అని. ఆ జాబితా ఆధారం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. 2024లో ఆ సంస్థే చేయించిన సమీక్షలో సెల్‌ఫోన్లకీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదు. అక్కడితో ఆపితే బాగుండేది, కానీ పాఠం చెప్పేవాడి నోరు. "అదే జాబితాలో కలబంద ఆకు సారం ఉంది, ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలూ ఉన్నాయి," అన్నాను.

అవతల కత్తిపీట చప్పుడు ఆగింది. "ఊరగాయలంటున్నారా?"

"చైనా వైపువండీ," అన్నాను గబగబా. "మన ఆవకాయ కాదు. ఆవకాయ ఊసే లేదు అందులో."

గుంటూరులో ఉండి, మధ్యాహ్నం భోజనం ఇంకా చేతికి రాకుండా, ఆవకాయని అనుమానించే ధైర్యం ఎవరికీ ఉండదు. మామగారు కూడా వెంటనే, "అబ్బే, చైనావే, చైనావే," అన్నారు.

మా ఆవిడ బజారు నుంచి వచ్చి, గడప మీద బీరువానీ, కిటికీలో భర్తనీ తండ్రినీ చూసి, ఏమీ అడక్కుండా వడ్రంగిని పిలుచుకొచ్చింది. అతను గడప పక్క టైలొకటి పగలగొట్టి, గునపం వేసి ఎత్తాడు. హాల్లోకి లాగబోతుంటే అత్తయ్యగారు శుక్రవారం మాట మళ్లీ ఎత్తడంతో లోపలికే తోశాడు. కూలీ, టైలు ఖరీదు కలిపితే తరంగ్ సంచార్ వాళ్లకి కట్టేదానికి పెద్ద తేడా రాలేదు.

ఆరు కొట్టగానే డబ్బా తెరిచారు. తెనాలి నుంచి మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. బీరువా ఇంకా గది మధ్యలోనే ఉంది. మూలకి జరుపుదామని నేను చేతులు వేశాను.

"ఉండండి అల్లుడుగారూ. ఖాళీ మూల ఓసారి చూద్దాం."

ఫోను మూలకి ఆనించారు. మళ్లీ కీచుకీచు. అది పిల్లర్ మామయ్యగారూ, సిమెంటు లోపల ఇనప చువ్వలుంటాయి, వాటికే అలా పలుకుతోంది అన్నాను. ఆయన విన్నారు. తల కూడా ఊపారు. తర్వాత పిల్లర్ని కిందినుంచి పైదాకా తేరిపార చూసి, వడ్రంగి ఇంకా వెళ్లలేదు కదా అని వాకిలి వైపు నడుస్తూ అడిగారు:

"ఏమయ్యా, నీకు తెలిసిన తాపీ మేస్త్రీ ఎవరైనా ఉన్నాడా?"