ఏడు ప్రపంచ కప్పుల మేనేజరు: మారెక్ చెష్లాక్ ఘనత ఎంత?

పోలండ్ స్పీడ్‌వే (మట్టి ట్రాక్ మీద మోటార్‌సైకిల్ పందేలు) జట్టు 2013లో ప్రాగ్ నగరంలో డెన్మార్క్‌ను 41-40 పాయింట్లతో దాటి ప్రపంచ కప్పు గెలిచింది. మరుసటి ఏడాది సొంతగడ్డ మీద, బిద్గోష్చ్‌లో, అదే డెన్మార్క్‌కు 38-37తో కప్పు అప్పగించింది. రెండుసార్లూ మేనేజరు మారెక్ చెష్లాకే. 2007 నుంచి 2017 దాకా ఆయన హయాంలో పోలండ్ ఏడు ప్రపంచ కప్పులు గెలిచింది. అంతమంది మేటి రైడర్లున్న దేశానికి ఎవరు మేనేజరైనా గెలుస్తారు అనడం తేలికే. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ, ఒక్క పాయింటుతో కప్పు చేతులు మారే ఆటలో ఆ మాట నిలవదని నా అభిప్రాయం.

స్పీడ్‌వే బండికి బ్రేకులుండవు, గేరు ఒక్కటే, ఇంధనం మెథనాల్. నలుగురు రైడర్లు మట్టి ట్రాక్ మీద నాలుగు ల్యాప్‌లు తిరుగుతారు. మలుపు రాగానే వెనక చక్రాన్ని పక్కకు జారనిచ్చి, ఇనుప తొడుగు వేసిన ఎడమ కాలిని నేలకు ఆనిస్తూ బండిని తిప్పుతారు. నిమిషంలో పందెం ముగుస్తుంది. గెలిచినవారికి మూడు పాయింట్లు, తర్వాతి ఇద్దరికీ రెండు, ఒకటి, చివరివారికి సున్నా. 2013, 2014 ప్రపంచ కప్పు ఫైనళ్లలో నాలుగు జట్లు 20 పందేలు ఆడాయి, ఒక్కో పందెంలో జట్టుకు ఒక్కరే దిగారు. తోటివాడు పక్కన ఉండి దారి ఇచ్చే వీలుండదు కాబట్టి మేనేజరు పని చాలావరకు పందేనికి ముందే జరగాలి: ఎవరిని ఎంచుకోవాలి, పందెం పందేనికీ మారిపోయే మట్టి ఎవరికి నప్పుతుంది, తొలి పందెంలో తడబడ్డ కుర్రవాడికి ఏం చెప్పాలి అన్నవే ఆయన ముందున్న ప్రశ్నలు.

1950లో పుట్టిన చెష్లాక్ ఈ విద్య నేర్చింది బండి మీదే. చెన్‌స్తోహోవా క్లబ్బు తరఫున 1974లో పోలండ్ లీగ్, లండన్‌లోని వైట్ సిటీ తరఫున 1977లో బ్రిటిష్ లీగ్ గెలిచిన జట్లలో ఆయన ఉన్నారు. వ్యక్తిగత ప్రపంచ టైటిల్ మాత్రం దక్కలేదు. మేనేజరుగా 2006లో వ్రొత్స్వాఫ్ క్లబ్బును, 2012లో టార్నూఫ్ క్లబ్బును పోలండ్ లీగ్ విజేతలుగా నిలిపారు.

ఆయన విలువ నాకు ఎక్కువగా కనిపించేది ఎంపికల్లో. 2010 ప్రపంచ చాంపియన్ తోమాష్ గొల్లోబ్ లేకుండానే ప్రాగ్ ఫైనల్‌కు వెళ్లిన జట్టులో పాత్రిక్ దూదెక్, మాచెయ్ యానోవ్‌స్కి ఇద్దరికీ 21 ఏళ్లే. 2016లో మాంచెస్టర్‌లో కప్పు గెలిచినప్పుడు బార్తోష్ జ్మార్జ్లిక్, ప్యోటర్ పావ్లిత్స్కి వయసూ అంతే. ఇలాంటి కుర్రవాళ్లు తయారవడం పోలండ్ లీగ్ చలవ, ఎందుకంటే ప్రతి క్లబ్బూ జూనియర్లను తప్పనిసరిగా దించాలన్న నిబంధన అక్కడుంది. తయారైనవారిని ఒక్క పాయింటు కూడా వదులుకోలేని ఫైనల్లో నమ్మి దించడం మేనేజరు బాధ్యత, ఆ నమ్మకం తప్పితే నింద కూడా ఆయనదే.

2018లో ప్రపంచ కప్పు స్థానంలో జంటల పోటీ వచ్చింది. తొలి రెండేళ్లూ రష్యాయే గెలిచింది. ఇద్దరే దిగే పోటీలో పోలండ్‌కున్న సంఖ్యాబలం అక్కరకు రాలేదు, చెష్లాక్‌కు బాగా తెలిసిన జట్టు కూర్పుకూ అందులో చోటు తగ్గింది. మళ్లీ నలుగురి జట్లతో ప్రపంచ కప్పు జరిగింది 2023లో, వ్రొత్స్వాఫ్‌లో. అప్పటికి ఆయన తప్పుకున్నారు. మరో మాజీ రైడర్ రఫావ్ దొబ్రుత్స్కి నడిపిన జట్టు కప్పు గెలిచింది. ఆ జట్టుకు మూలస్తంభాలు జ్మార్జ్లిక్, దూదెక్, యానోవ్‌స్కి.